పాట అయ్యాక మూడో కుర్చీ: టాలెంట్ షోల్లో కటువైన బ్రిటిష్ జడ్జి ఎలా పుట్టాడు

అమెరికన్ ఐడల్ తొలి సీజన్లలో పాట ముగిశాక జడ్జీలు మాట్లాడే వరుస దాదాపు ఎప్పుడూ ఒకటే. ముందు రాండీ జాక్సన్, తర్వాత పౌలా అబ్దుల్, ఆఖరున సైమన్ కోవెల్. రాండీ బేస్ గిటార్ వాయించి, రికార్డు కంపెనీల్లో పనిచేసిన మనిషి. శ్రుతి ఎక్కడ తప్పిందో చెప్పేవారు, కానీ భుజం తట్టినట్టు చెప్పేవారు. పౌలా పాటతో, నృత్యంతో స్వయంగా పేరు తెచ్చుకున్న కళాకారిణి. పాట నచ్చకపోతే పాడినవాళ్ల ధైర్యాన్నో, దుస్తుల్నో మెచ్చుకునేవారు. ఆ రెండు మాటలూ అయ్యేసరికి హాల్లో అందరి చూపూ మూడో కుర్చీ మీదికి వెళ్లేది. పాడిన పిల్ల కూడా మొదటి ఇద్దరి మాటలు సగమే వింటూ అటే చూస్తుండేది.

ఆ మూడో కుర్చీలో ఇంగ్లండ్ మనిషే ఎందుకు కూర్చున్నాడంటే చాలామంది చెప్పే జవాబు, "బ్రిటిష్‌వాళ్లది ముక్కుసూటి స్వభావం" అని. లండన్ ఆఫీసులో కొన్నేళ్లు పనిచేసిన తెలుగువాళ్లెవరూ దీన్ని ఒప్పుకోరు. అక్కడ మీ పని నచ్చకపోతే "ఆసక్తికరంగా ఉంది" అంటారు. మీ మాట ఒప్పుకోకపోతే "మీరన్నది నిజమే, కాకపోతే" అని మొదలుపెడతారు. ఎదుటి మనిషి ముఖం మీదే బాగాలేదని చెప్పడం వాళ్ల రోజువారీ మర్యాదకు సరిపడదు. టీవీలో కనిపించే ఆ కటుత్వం జాతి స్వభావంలోంచి పుట్టలేదు. అదొక వేషం. దానికి బ్రిటన్‌లో పాత రంగస్థల మూలాలున్నాయి, దాన్ని దేశదేశాలకు అమ్మిన వ్యాపారముంది, అమెరికాలో దానికి కలిసొచ్చిన యాస ఉంది. వీటిలో వ్యాపారానిదే పెద్ద వాటా.

ఇంతకీ అమెరికా టీవీలో ఇలాంటి కటువైన బ్రిటిష్ జడ్జీలు ఎంతమంది? పేర్లు రాసుకుంటూ పోతే అనుకున్నంత పొడవైన జాబితా రాదు. కోవెల్ ఉన్నారు. సో యు థింక్ యు కెన్ డాన్స్‌లో నైజెల్ లిత్‌గో, అమెరికాస్ గాట్ టాలెంట్‌లో 2006 నుంచి పియర్స్ మోర్గాన్, వంటల పోటీల్లో గోర్డన్ రామ్సే ఉన్నారు. టాప్ చెఫ్‌లో రెండు సీజన్ల పాటు కనిపించిన టోబీ యంగ్‌ను కూడా కలుపుకోవచ్చు. డాన్సింగ్ విత్ ది స్టార్స్‌లో లెన్ గుడ్‌మన్ కటువు మనిషి కాదు, నిక్కచ్చి మనిషి. ఆ తేడా గురించి తర్వాత మాట్లాడుకుందాం. ఈ కొద్దిమందీ ఏళ్ల తరబడి, అమెరికాలో అతి ఎక్కువమంది చూసే కార్యక్రమాల్లో కూర్చున్నారు. అందుకే వాళ్లే అంతటా ఉన్నట్టు అనిపిస్తుంది. అమెరికన్ ఐడల్ 2003-04 నుంచి 2010-11 దాకా వరుసగా ఎనిమిది టీవీ సంవత్సరాలు అక్కడి రేటింగుల్లో మొదటి స్థానంలో ఉంది. అంతమంది చూసిన వేషం జనం మనసులో ఒక అచ్చుగా పడిపోయింది.

మూలాలు మాత్రం అంతకు 30 ఏళ్ల వెనక ఉన్నాయి. బ్రిటన్‌లో ఆపర్చునిటీ నాక్స్ అనే పాత కార్యక్రమం ఉండేది. హ్యూయీ గ్రీన్ నడిపేవారు. స్టూడియోలో చప్పట్ల జోరు చూపించే మీటరు పెట్టేవారు, అది సరదాకే. అసలు తీర్పు ఇంట్లో కూర్చున్నవాళ్లు పోస్టుకార్డుల మీద రాసి పంపేవారు. విమర్శించే జడ్జి లేడు. 1973లో ఐటీవీ అనే బ్రిటిష్ చానెల్లో వచ్చిన న్యూ ఫేసెస్ ఈ పద్ధతిని తిరగేసింది. సంగీత, వినోద రంగాల్లో పండిన నలుగురిని బల్ల వెనక కూర్చోబెట్టి, మూడు అంశాల్లో పదేసి మార్కులు వేయమంది: ప్రదర్శించిన తీరు, ఎంచుకున్న అంశం, తార అయ్యే లక్షణం. ఒక్కొక్కరు 30, నలుగురూ కలిసి 120. మార్కులు వేసేముందు కారణం చెప్పాలి. ఆ కారణం చెప్పడంలోనే కథంతా మొదలైంది.

ఆ బల్ల వెనక కూర్చున్నవాళ్లలో స్వరకర్త టోనీ హ్యాచ్, రికార్డు నిర్మాత మికీ మోస్ట్ ఉండేవారు. ఇద్దరూ హిట్లు కొట్టినవాళ్లు, ఏ పాట అమ్ముడవుతుందో తెలిసినవాళ్లు. హ్యాచ్ నిర్మొహమాటానికి పత్రికలు ఆయన ఇంటిపేరును కాస్త సాగదీసి, చేతిగొడ్డలి అనే అర్థం వచ్చే మారుపేరు పెట్టాయి. జడ్జికి పత్రిక మారుపేరు పెట్టడం, ఆ పేరు కోసం జనం కార్యక్రమం చూడటం అన్న చక్రం అప్పటిది. అదే కాలంలో అమెరికాలో పోటీలున్నా, సాధారణంగా జడ్జి ఇలా కారణం చెప్పి విమర్శించేవాడు కాదు. 1983లో మొదలైన స్టార్ సెర్చ్‌లో జడ్జీలు నక్షత్రాలిచ్చి ఊరుకునేవారు. అందువల్ల 2002లో కోవెల్ కనిపించేసరికి అమెరికా ప్రేక్షకుడికి ఆ వేషం కొత్త. బ్రిటిష్ ప్రేక్షకుడికి అది తమ చిన్నప్పటి జ్ఞాపకం.

దీని వెనక ఇంకా పాతది పాంటోమైమ్. డిసెంబరు, జనవరి నెలల్లో బ్రిటన్‌లో ఊరూరా థియేటర్లలో ఆడే పిల్లల నాటకం అది. ఇందులో దుష్టపాత్ర రంగస్థలానికి ఎడమ వైపు నుంచి వస్తుంది, మంచి దేవత కుడి వైపు నుంచి వస్తుంది. దుష్టుడు అడుగుపెట్టగానే పిల్లలూ పెద్దలూ కలిసి బూ అని అరవాలి. అరవకపోతే నటుడే రెచ్చగొట్టి అరిపిస్తాడు. ఆ అరుపు కోపంతో వచ్చేది కాదు, ఆటలో తమ వంతు. మన పౌరాణిక నాటకాల్లో దుర్యోధనుడి ప్రవేశానికి జనం ఈలలు వేయడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. కాకపోతే మనం ఆ గాంభీర్యానికి మురిసి చప్పట్లు కొడతాం, వాళ్లు మురిసిపోతూనే బూ అంటారు. టాలెంట్ షో హాల్లో కోవెల్ మాటకు వచ్చిన బూలు ఈ కోవలోవే. ఐదేళ్ల వయసు నుంచి ఆ ఆట తెలిసిన సమాజంలో జడ్జి దుష్టపాత్ర వేయగలడు, వేశాక నిశ్చింతగా ఇంటికి వెళ్లగలడు. పాంటోమైమ్ అలవాటు లేని అమెరికాలో అదే మాట నిజమైన క్రూరత్వంగా వినిపించింది. ఆ అపార్థమే అక్కడ కార్యక్రమానికి నిప్పు రాజేసింది.

ఇక వ్యాపారానికి వద్దాం. 1999లో న్యూజిలాండ్‌లో పాప్‌స్టార్స్ అనే కార్యక్రమం వచ్చింది. ఆడిషన్ల నుంచి బ్యాండు తయారయ్యేదాకా కెమెరా వెంట ఉండటం దాని ఆలోచన. ఆస్ట్రేలియా మీదుగా అది 2001 జనవరిలో బ్రిటన్ చేరింది. అక్కడ జడ్జిగా కూర్చున్న నైజెల్ లిత్‌గో నిజానికి టీవీ ప్రొడ్యూసర్, అంతకుముందు నర్తకుడు. ఆయన మాటల తీరుకు బ్రిటిష్ పత్రికలు వెంటనే నాస్టీ నైజెల్ అని పేరు పెట్టాయి. ఆ దెబ్బతో ఒక సంగతి తేలిపోయింది. జనం బ్యాండు కోసం ఎంత చూస్తున్నారో, తిరస్కరించే మనిషి కోసమూ అంతే చూస్తున్నారు.

అదే ఏడాది అక్టోబరులో సైమన్ ఫుల్లర్ రూపొందించిన పాప్ ఐడల్ ఐటీవీలో మొదలైంది. అమెరికన్ ఐడల్‌కు మూలం ఇదే. ఇందులో రెండు కొత్త సంగతులున్నాయి. గెలిచేవాళ్లను ప్రేక్షకులు ఫోన్ చేసి ఎంచుకుంటారు. ఆడిషన్లు అయ్యాక జడ్జీల చేతిలో ఓటు ఉండదు. ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే కటుత్వానికి అసలు కారణం ఇక్కడుంది. న్యూ ఫేసెస్‌లో జడ్జి చేతిలో మార్కులుండేవి. మాట మెత్తగా చెప్పి మార్కు తక్కువ వేసినా పని జరిగేది. ఐడల్ ప్రత్యక్ష ప్రసారాల్లో జడ్జికి మిగిలింది మాట ఒక్కటే. ఆ మాటకు ఓటర్లు కదలాలి, కోపంతోనైనా సరే, ఒప్పుకోలుతోనైనా సరే. "బాగానే పాడావు" అన్న మాట ఏ ఓటునూ కదపలేదు. అమెరికన్ ఐడల్‌లో ఒక్కరిని కాపాడే హక్కు జడ్జీలకు ఇచ్చింది 2009లో, ఎనిమిదో సీజన్లో. అప్పటిదాకా ప్రత్యక్ష ప్రసారాల్లో వాళ్ల నాలుకే వాళ్ల ఓటు.

ఇది ఎలా పనిచేసేదో పాప్ ఐడల్ మొదటి సిరీస్‌లోనే కనిపించింది. ప్రజలు ఓటు వేసే తొలి దశలో విల్ యంగ్ అనే యువకుడు పాడాడు. అక్కడ జడ్జిగా ఉన్న కోవెల్ ఆ పాటను చాలా సాధారణంగా ఉందని కొట్టిపారేశారు. విల్ గొంతు పెంచకుండా, మర్యాద తప్పకుండా, తాను ఏకీభవించడం లేదని చెప్పాడు. ఆ ఒక్క నిమిషంతో అతను దేశానికి పరిచయమైపోయాడు. 2002 ఫిబ్రవరిలో జరిగిన ఫైనల్లో 87 లక్షలకు పైగా ఓట్లు పడ్డాయి. గారెత్ గేట్స్‌ను దాటి విల్ గెలిచాడు. అతని మొదటి సింగిల్ తొలి వారంలోనే 11 లక్షలకు పైగా అమ్ముడైంది. ఆ రికార్డును అమ్మింది కోవెల్ పనిచేసే సంస్థే. జడ్జి తిట్టాడు, జనం కాపాడారు, రికార్డు కంపెనీ అమ్ముకుంది. ఇందులో ఎవరూ నష్టపోలేదు. ఇదంతా ముందే అల్లిన నాటకమని చాలామంది అనుమానించారు కానీ, అలా అల్లాల్సిన అవసరమే లేదు. నిజంగా నచ్చలేదని చెప్పే మనిషిని అక్కడ కూర్చోబెడితే చాలు, మిగతాది నిర్మాణమే చూసుకుంటుంది.

కోవెల్‌కు పాడటం రాదు, వాయిద్యం రాదు. ఇ.ఎం.ఐ. అనే రికార్డు సంస్థలో ఉత్తరాలు పంచే గదిలో ఉద్యోగం మొదలుపెట్టి, రికార్డు కంపెనీల్లో కొత్తవాళ్లను వెతికి సంతకాలు చేయించే పనికి ఎదిగారు. 1995లో రాబ్సన్, జెరోమ్ అనే ఇద్దరు టీవీ నటుల చేత పాడించి లక్షల రికార్డులు అమ్మారు, తర్వాత వెస్ట్‌లైఫ్ అనే బ్యాండును చేర్చుకున్నారు. ఆయన తీర్పును సంగీత విమర్శగా వింటే అన్యాయంగా ఉంటుంది. ఈ మనిషి రికార్డును నేను అమ్మగలనా అన్న ఒక్క ప్రశ్నకే ఆయన జవాబు చెప్పేవారు. ఆడిషన్‌కు వచ్చేవాళ్లకు రికార్డు కంపెనీ గదుల్లో తలుపు వెనక రోజూ జరిగే మాటే అది. తేడా అల్లా తలుపు తెరిచి ఉండటం, కెమెరా నడుస్తూ ఉండటం.

మరి అది అట్లాంటిక్ ఎలా దాటింది? ఫార్మాట్, అంటే కార్యక్రమం నమూనా, అమ్మడమంటే ఆలోచన ఒక్కటే అమ్మడం కాదు. కొన్న చానెల్‌కు ఒక లావుపాటి కార్యవిధాన పుస్తకం వస్తుంది. పరిశ్రమలో దాన్ని బైబిల్ అంటారు. సెట్టు, సంగీతం, దీపాలు, ఆడిషన్ల వరుస, ఎపిసోడ్ల సంఖ్య, జడ్జీల రకాలు, ఓటింగ్ పద్ధతి అన్నీ అందులో ఉంటాయి. దాంతో పాటు ఆ పద్ధతి తెలిసిన ప్రొడ్యూసర్లు కొందరు వచ్చి మొదటి సీజన్ నడిపిస్తారు. పాప్ ఐడల్‌ను అమెరికాలో చాలా చానెళ్లు వద్దన్నాయి. ఫాక్స్ అధినేత రూపర్ట్ మర్డోక్‌కు బ్రిటన్‌లో ఉన్న కూతురు ఎలిజబెత్ దాని జోరు చెప్పాక ఫాక్స్ కొన్నది. బ్రిటన్‌లో ఏది పనిచేసిందో దాన్ని కదపకుండా తీసుకురావాలన్నది అప్పటి నిర్ణయం, కోవెల్ అందులో భాగం. లిత్‌గో, ఆయన సహచరుడు కెన్ వార్విక్ లాస్ ఏంజెలెస్ వెళ్లి నిర్మాణం చేతికి తీసుకున్నారు. 2002 జూన్ 11న అమెరికన్ ఐడల్ పేరుతో కార్యక్రమం మొదలైంది. వంటవాళ్లూ వాళ్లే, మసాలా వాళ్లదే, పొయ్యి మాత్రం అమెరికాది.

అదే దారిలో ఒకదాని వెనక ఒకటి వెళ్లాయి. ఐడల్‌కు ముందే 2001లో బీబీసీ క్విజ్ ది వీకెస్ట్ లింక్‌ను అమెరికా చానెల్ ఎన్‌బీసీ కొన్నప్పుడు, పోటీదారుల్ని కసిరే ఆన్ రాబిన్సన్‌నే తెచ్చుకుంది. 2004లో ఐటీవీలో వచ్చిన హెల్స్ కిచెన్ 2005లో ఫాక్స్‌కు వెళ్లినప్పుడు రామ్సే వెంట వెళ్లారు. 2004లో బీబీసీ మొదలుపెట్టిన స్ట్రిక్ట్‌లీ కమ్ డాన్సింగ్ 2005లో డాన్సింగ్ విత్ ది స్టార్స్‌గా మారినప్పుడు గుడ్‌మన్, బ్రూనో టోనియోలి రెండు దేశాల మధ్య విమానాల్లో తిరిగారు. బ్రిటన్ ఇంత సరుకు ఎగుమతి చేయగలగడానికి చట్టం కూడా తోడ్పడింది. 2003 కమ్యూనికేషన్ల చట్టం తర్వాత వచ్చిన నిబంధనల వల్ల, స్వతంత్ర నిర్మాణ సంస్థలు చానెల్‌కు అమ్మిన కార్యక్రమంపై హక్కులు తమ దగ్గరే ఉంచుకోగలిగాయి. విదేశాల్లో అమ్మితే లాభం తమదే కాబట్టి, మొదటి రోజు నుంచే బయట అమ్ముడయ్యేలా కార్యక్రమాలు తయారుచేశారు. ఐడల్ ఈ చట్టానికి ముందే వెళ్లింది. దాని వెనక వచ్చిన వరదకు మాత్రం ఈ చట్టం గేటు తెరిచింది.

ఫార్మాట్ బ్రిటన్ నుంచి వస్తే జడ్జి కూడా బ్రిటన్ నుంచే వస్తాడు. అంతకంటే గొప్ప కారణం వెతకక్కర్లేదని నా అభిప్రాయం. ఫార్మాట్ నెదర్లాండ్స్ నుంచి వచ్చినప్పుడు ఏం జరిగిందో చూడండి. 2010లో జాన్ డి మోల్ మొదలుపెట్టిన ది వాయిస్‌లో జడ్జీలు వీపు తిప్పి కూర్చుంటారు. పాట నచ్చితే బటన్ నొక్కి కుర్చీ తిప్పుకుంటారు. నచ్చకపోతే తిప్పరు, అంతే. తిరస్కారం చెప్పే పని యంత్రానిది అయిపోయింది. ఒకటికి మించి కుర్చీలు తిరిగితే గాయకుడే జడ్జిని ఎంచుకుంటాడు కాబట్టి జడ్జీలే బతిమాలుకోవాలి. 2011 ఏప్రిల్‌లో అమెరికాలో మొదలైన ఆ కార్యక్రమానికి కటువు బ్రిటిష్ మనిషి అవసరం రాలేదు. కుర్చీ రూపం మారగానే వేషం మాయమైంది.

ఆడిషన్ గది వెనక

అంత చెత్త పాడేవాళ్లు జడ్జి ముందుదాకా ఎలా వచ్చారని చూసేవాళ్లకు అనుమానం వస్తుంది. వాళ్లను కావాలనే రానిస్తారు. అమెరికన్ ఐడల్ ఆడిషన్లకు ఒక్కో ఊళ్లో స్టేడియం నిండేది, పది వేల మందికి పైగా వచ్చిన రోజులున్నాయి. మైదానంలో వరుసగా బల్లలు. బల్ల దగ్గరికి నలుగురేసి వచ్చి, ఒక్కొక్కరు కొన్ని సెకన్లు పాడతారు. అక్కడ కూర్చునేది ప్రొడ్యూసర్లు, కోవెల్ కాదు. పది వేల మందిలో కొన్ని వందల మంది మాత్రమే ఆ మెట్టు దాటుతారు. తర్వాత మరో రోజు పైస్థాయి ప్రొడ్యూసర్ల ముందు పాడాలి, అక్కడ మళ్లీ కోత. ఆ తర్వాతే అసలు జడ్జీలు, అసలు కెమెరాలు. చివరికి ఒక ఊరి నుంచి హాలీవుడ్ దశకు వెళ్లేది 10 నుంచి 60 మంది.

ఈ జల్లెడలో రెండు కొసలూ నిలబడతాయి, మధ్యభాగం రాలిపోతుంది. చాలా బాగా పాడేవాళ్లు ముందుకు వెళ్తారు. బాగా పాడుతున్నానని గట్టిగా నమ్మి, అసలు పాడలేనివాళ్లు కూడా వెళ్తారు. ఓ మోస్తరుగా పాడే వందలాది మంది మైదానం నుంచే ఇంటికి. పాడలేని కుర్రాడికి అప్పటికి రెండు మెట్లు దాటాననే ధైర్యం వచ్చి ఉంటుంది, ఇంటివాళ్లకు ఫోన్ చేసి ఉంటాడు. ఆ నమ్మకంతో గదిలోకి వచ్చి నిలబడ్డ మనిషికి కోవెల్ మాట తగిలే లోతు వేరు. ఈ ఆటలో నాకు అన్నిటికంటే తప్పుగా తోచేది ఇదే. కటుమాటలో తప్పు అంతగా లేదు. ఆ మాట కోసమే ఒక మనిషిని చేయిపట్టి పైకి తీసుకెళ్లడంలో ఉంది.

ప్రత్యక్ష ప్రసారాల్లో లెక్క వేరు. రెండు గంటల స్లాటులో ప్రకటనలు పోతే మిగిలేది గంటన్నర లోపే. అందులో 10 మంది పాడాలనుకోండి. ఒక్కొక్కరికి పరిచయ వీడియో ఒక నిమిషం, పాట నిమిషంన్నర నుంచి రెండు నిమిషాలు, ఫోన్ నంబరు చెప్పడానికి అర నిమిషం, మధ్యలో ఏర్పాట్లు. ముగ్గురు జడ్జీలకు కలిపి నిమిషంన్నర దక్కితే గొప్ప. అంటే మూడో జడ్జికి 20, 30 సెకన్లు. శ్రుతి, ఊపిరి, పాట ఎంపిక, స్వరస్థాయి అన్నీ విడమర్చి చెప్పే సమయం లేదు. ఇలాంటి చోట ఒక పోలికతో తీర్పు చెప్పేవాడు గెలుస్తాడు. ఫలానా పాట ఓడలో భోజనాల వేళ పాడేవాళ్లలా ఉందనడం ఆ కోవలోని మాట. అది విన్నవాళ్లకు శాస్త్రం తెలియనక్కర్లేదు, వెంటనే అర్థమవుతుంది. ఆ మాట పడ్డ క్షణంలో ఎడిటర్‌కు మూడు దృశ్యాలు దొరుకుతాయి: పాడినవాళ్ల ముఖం, ప్రేక్షకుల్లో తల్లి ముఖం, పక్క జడ్జి తలతిప్పుడు. మెచ్చుకోలుకు దొరికేది చిరునవ్వు ఒక్కటే. మర్నాడు ప్రోమోలో ఏది వేస్తారో చెప్పక్కర్లేదు.

డాన్సు పోటీల్లో జడ్జి చేతిలో పది మార్కుల పలక ఉంటుంది. అందుకే అక్కడి కటుత్వం స్వభావం వేరు. లెన్ గుడ్‌మన్ బాల్‌రూమ్ నృత్యంలో జీవితం గడిపిన మనిషి. ఫాక్స్‌ట్రాట్‌లో అడుగు మడమతో మొదలైందా, వాల్ట్జ్‌లో శరీరం లేచి దిగిందా, భాగస్వాముల పట్టు విడిపోయిందా అని చూసేవారు. బాల్‌రూమ్ నృత్యంలో ఎత్తకూడని చోట భాగస్వామిని ఎత్తితే, జనం ఎంత చప్పట్లు కొట్టినా మార్కు కోసేవారు. ఆయన తిట్టే రకం కాదు, ఆయన తక్కువ మార్కు వేస్తే మాత్రం నర్తకుడికి ఏం దిద్దుకోవాలో తెలిసేది. 2023లో ఆయన చనిపోయినప్పుడు రెండు దేశాల్లోనూ నర్తకులు గుర్తుచేసుకున్నది ఆ స్పష్టతనే.

యాస సంగతి

బ్రిటిష్ చెవికి కోవెల్, రామ్సే, గుడ్‌మన్ మాటలు మూడు రకాలు. పుట్టిన ఊరు, చదువు, వర్గం అన్నీ ఆ యాసలో బయటపడతాయి. రామ్సే స్కాట్లండ్‌లో పుట్టి ఇంగ్లండ్‌లో పెరిగారు, గుడ్‌మన్‌ది లండన్ శ్రామిక కుటుంబాల మాట. అమెరికన్ చెవికి మూడూ ఒకటే, బ్రిటిష్ యాస. ఆ యాసకు అక్కడ చాలాకాలంగా రెండు అర్థాలు అంటుకుని ఉన్నాయి. ఒకటి చదువు, అధికారం. రెండోది హాలీవుడ్ సినిమాల్లో ఇంగ్లిష్ నటులు పదేపదే వేసిన చల్లని ప్రతినాయకుడు. జడ్జి కుర్చీకి కావలసినవి సరిగ్గా ఆ రెండే. అదే మాటను టెక్సాస్ మనిషి అంటే పొరుగింటివాడి దురుసుతనంగా వినిపిస్తుంది. దూరపు గొంతు అంటే తీర్పుగా వినిపిస్తుంది.

ఈ దూరం బ్రిటిష్‌వాళ్ల సొత్తు మాత్రం కాదు. ఆస్ట్రేలియన్ ఐడల్ 2003లో మొదలైనప్పుడు కటువు జడ్జి ఇయాన్ డిక్సన్. ఆయన ఇంగ్లండ్ నుంచి వెళ్లిన రికార్డు కంపెనీ అధికారి. అటు బ్రిటన్ సొంత కార్యక్రమమైన స్ట్రిక్ట్‌లీలో 2004 నుంచి అందరికంటే తక్కువ మార్కులు వేసి బూలు తినే క్రెయిగ్ రెవెల్ హార్వుడ్ ఆస్ట్రేలియాలో పుట్టిన మనిషి. రెండు దేశాలూ కఠినమైన మాట చెప్పించడానికి ఎదుటి దేశం మనిషిని పెట్టుకున్నాయి. జర్మనీలో ఐడల్ తరహా పోటీకి డీటర్ బోలెన్ అనే స్థానిక నిర్మాత సరిపోయారు, కటుత్వంలో ఆయన ఎవరికీ తీసిపోరు. కాబట్టి పరాయివాడు కావడం తప్పనిసరి కాదు, ఉంటే పని సులువవుతుంది.

యాస సహాయం చేయాలంటే అర్థం కావాలి కూడా. 2011లో ది ఎక్స్ ఫాక్టర్ అనే పాటల పోటీ అమెరికాలో మొదలైనప్పుడు జడ్జిగా తీసుకున్న ఇంగ్లండ్ గాయని షెరిల్ కోల్‌ను కొద్ది రోజులకే తప్పించి, నికోల్ షెర్జింగర్‌ను పెట్టారు. ఆమె న్యూకాజిల్ యాస అమెరికన్లకు అందదేమోనన్న చర్చ అప్పట్లో పత్రికల్లో గట్టిగా నడిచింది.

అనుకరణ ఎక్కడ బెడిసికొడుతుంది

కటువు జడ్జి వేషాన్ని అరువు తెచ్చుకున్నవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు, పాట మీద పడాల్సిన మాటను మనిషి మీద వేయడం. డిక్సన్ 2003లో పౌలిని అనే గాయని వేసుకున్న బంగారు రంగు దుస్తుల గురించి, ఆమె శరీరం గురించి అన్న మాట ఆస్ట్రేలియాలో పెద్ద దుమారమైంది. 2006లో కోవెల్ కూడా మండీసా అనే గాయని ఒంటి గురించి వ్యాఖ్యలు చేశారు. తర్వాతి దశలో ఆమె ఆయన ఎదుటే నిలబడి, ఆ మాటలు తనను బాధపెట్టాయని, అయినా క్షమిస్తున్నానని చెప్పింది. ఆయన క్షమాపణ చెప్పారు. దిద్దుకోగలిగిన దాని మీద మాట పడితే విమర్శ అవుతుంది. శరీరం వచ్చే వారానికి మారేది కాదు, కాబట్టి ఆ మాటకు గాయపరచడం తప్ప వేరే ప్రయోజనం ఉండదు.

రెండో పొరపాటు, పక్క కుర్చీలను మరిచిపోవడం. కోవెల్ ఒక్కరే ఉంటే ఆ కార్యక్రమం అన్ని సీజన్లు నిలబడేది కాదు. రాండీ వాయిద్యకారుడి చెవితో నేల చదును చేస్తారు, పౌలా మనసు కుదుటపరుస్తారు, అప్పుడు కోవెల్ మాటకు బరువొస్తుంది. ముగ్గురూ కటువుగా ఉంటే చూసేవాళ్లకు విసుగు, ముగ్గురూ మెత్తగా ఉంటే ఓటు వేయడానికి కారణం దొరకదు. 2010లో కోవెల్ వెళ్లిపోయాక అమెరికన్ ఐడల్ రెండోదాన్ని చవిచూసింది. 2013లో మరయా కేరీ, నిక్కీ మినాజ్‌ల మధ్య జడ్జీల గొడవే వార్తయి, పాడేవాళ్లు వెనక్కి వెళ్లిపోయారు. కోవెల్ సొంతంగా తెచ్చిన అమెరికన్ ఎక్స్ ఫాక్టర్ కూడా మూడు సీజన్లకే ఆగిపోయింది.

మూడో పొరపాటు, వేరే తీరుకు అలవాటుపడ్డ ప్రేక్షకుల ముందు ఈ వేషం వేయడం. ఇది తెలుగువాళ్లకు బాగా తెలిసిన విషయం. 2004లో ఐడల్ ఫార్మాట్ సోనీ ద్వారా ఇండియన్ ఐడల్‌గా వచ్చినప్పుడు కఠిన జడ్జి పాత్ర అను మలిక్‌కు దక్కింది. 2010లో శ్రీరామచంద్ర, 2017లో రేవంత్ ఆ పోటీ గెలిచారు. కానీ అంతకు చాలా ముందే, 1996 నుంచి ఈటీవీలో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం నడిపిన పాడుతా తీయగా మనకు వేరే తీరు అలవాటు చేసింది. ఏ చరణంలో శ్రుతి జారిందో, ఏ మాటలో ఒత్తు పోయిందో, ఎక్కడ ఊపిరి తీసుకోవడం వల్ల అర్థం విరిగిందో చెప్పి, ఆయనే ఆ చోటు పాడి వినిపించేవారు. తప్పు దాచేవారు కాదు. గురువు దగ్గర కూర్చున్నట్టు ఉండేది కాబట్టి, పాడిన పిల్ల అక్కడికక్కడే మళ్లీ పాడి సరిచేసుకోగలిగేది. దానికి సమయం కావాలి, జడ్జికి పాట వచ్చి ఉండాలి, కార్యక్రమం ఫోన్ ఓట్ల మీద బతకకూడదు. పాడుతా తీయగాకు ఆ మూడూ ఉన్నాయి. 2022లో ఆహాలో అదే ఐడల్ ఫార్మాట్ తెలుగు ఇండియన్ ఐడల్‌గా వచ్చి, తమన్, నిత్యా మీనన్, కార్తీక్ జడ్జీలుగా, శ్రీరామచంద్ర వ్యాఖ్యాతగా నడిచింది. మూడో కుర్చీలో కోవెల్ తరహా మనిషి కోసం ఎవరూ వెతకలేదు. పాతికేళ్లపాటు బాలు గారి మాట విన్న ప్రేక్షకుల ముందు ఆ వేషం రక్తికట్టదు.

బ్రిటన్‌లోనే గాలి మారింది. 2010లో బీబీసీలో మొదలైన బేకింగ్ పోటీలో జడ్జి పాల్ హాలీవుడ్ పెదవి విరిచి చెప్పే ఒక్క ముక్క కంటే, బాగా చేసినప్పుడు ఆయన ఇచ్చే కరచాలనమే పెద్ద వార్త అయ్యింది. 2015లో వచ్చిన కుండల తయారీ పోటీలో జడ్జి కీత్ బ్రైమర్ జోన్స్ మంచి పనితనం చూస్తే కన్నీళ్లు పెట్టుకుంటారు. ఆయనా ఇంగ్లండ్ మనిషే. ఓటింగ్ లేని, పని మీదే దృష్టి ఉన్న ఈ పోటీలు ఎగుమతి అవుతున్నప్పుడు వాటితో పాటు వెళ్తున్నది ఈ మెత్తటి జడ్జి.

2019లో ఒక పగటిపూట టాక్ షో అక్కడ రద్దయ్యాక, పాల్గొనేవాళ్ల క్షేమం గురించి పెద్ద చర్చ నడిచింది. 2021 ఏప్రిల్ నుంచి ప్రసార నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ కొత్త నిబంధనలు తెచ్చింది. పాల్గొనడం వల్ల హాని కలిగే ప్రమాదమున్నవాళ్ల విషయంలో చానెల్ తగిన జాగ్రత్త తీసుకోవాలి. కార్యక్రమం వల్ల వాళ్ల మీద పడగల ప్రభావం గురించి ముందే చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి. బ్రిటన్‌లో ఆడిషన్ బల్ల దగ్గర కూర్చున్న ప్రొడ్యూసర్, పాడలేని కుర్రాడిని నవ్వుల కోసం పై మెట్టుకు పంపేముందు ఇప్పుడు ఆ కాగితం కూడా చూసుకోవాలి.